రాస్తే చెరగని డిస్కు: ఫైళ్ల భద్రతకూ, చిన్న వ్యాపారం ప్రచారానికీ వాడుకునే పద్ధతి

నల్లకుంటలో మా వీడియో మిక్సింగ్ గది పక్కన ఒక చీరల దుకాణం ఉండేది. ఒక సోమవారం పొద్దున్నే ఆ దుకాణం యజమాని పరుగున వచ్చాడు. "అన్నా, కంప్యూటర్‌లో ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. డబ్బు కట్టమని ఏదో రాసి ఉంది" అన్నాడు. వెళ్లి చూస్తే ర్యాన్సమ్‌వేర్. బిల్లులు, స్టాకు లెక్కలు, చీరల ఫొటోలు అన్నిటికీ తాళం పడిపోయింది. బ్యాకప్ లేక కాదు. బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను రాత్రింబవళ్లు కంప్యూటర్‌కు తగిలించే ఉంచడం వల్ల దానిలోని ఫైళ్లకూ అదే గతి పట్టింది. చివరికి అతన్ని గట్టెక్కించినవి మార్చి ముగింపు లెక్కలతో మేము రాసిచ్చిన రెండు డీవీడీలు. ఆ తర్వాతి నాలుగు నెలల లెక్కను మాత్రం కాగితం బిల్లులు ముందేసుకుని మళ్లీ ఎక్కించారు.

ఒకసారి రాసి మూసిన డిస్కును ఏ వైరసూ తిరగరాయలేదు. పొరపాటున ఎవరూ డిలీట్ నొక్కలేరు. డిస్కుకు ఉన్న గొప్ప గుణం ఇదే. ప్రచారం దగ్గరికి వచ్చేసరికి అదే గుణం ఎదురుతిరుగుతుంది. తప్పు ఫోన్ నంబరుతో రాసిన రెండు వందల డిస్కులను దిద్దే ఉపాయం లేదు. అందుకే ఇక్కడ రాసే పని గురించి తక్కువగా, రాయడానికి ముందు చేసే సిద్ధం గురించీ, రాశాక చేసే పరీక్ష గురించీ ఎక్కువగా చెబుతాను.

ఏది ఎక్కించాలి

రోజువారీ బ్యాకప్‌కు డిస్కు తగదు. నిన్నటి అమ్మకాల లెక్కకు హార్డ్‌డిస్క్, క్లౌడ్ ఉన్నాయి. డిస్కుకు ఎక్కాల్సింది ముగిసిన పని: మూసేసిన ఆర్థిక సంవత్సరం టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్, దాఖలు చేసిన జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నుల పీడీఎఫ్‌లు, దుకాణం అద్దె ఒప్పందం, లైసెన్సులు, డిజైన్ల అసలు ఫైళ్లు, కస్టమర్‌కు అప్పగించేసిన పెళ్లి వీడియో. ఇక మారవు, కానీ పోకూడదు అనిపించేవన్నీ ఈ కోవలోకి వస్తాయి.

చట్టం కూడా దీన్ని అడుగుతుంది. కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు దాచాలి. కంపెనీగా నమోదైన వ్యాపారమైతే కంపెనీల చట్టం ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు ఉంచమంటుంది. ఆరేడేళ్లలో కంప్యూటర్ ఒక్కసారైనా మారుతుంది. లెక్కలు రాసే గుమాస్తా మారతాడు. పాత హార్డ్‌డిస్క్ ఏ అటక మీద ఉందో ఎవరికీ గుర్తుండదు.

డిస్కు ఒక్కటే చాలనుకోవద్దు. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి చిన్న దుకాణానికీ సరిగ్గా సరిపోతుంది. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, డిస్కు మీద ఒకటి. ఆ డిస్కు దుకాణంలో కాకుండా ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో, బ్యాంకు లాకర్‌లోనో ఉండాలి.

ఏ డిస్కు కొనాలి

సీడీ-ఆర్‌లో 700 ఎంబీ పడుతుంది. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ, రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ పడతాయి. బ్లూరేలో ఒక పొరకు 25 జీబీ చొప్పున రెండు పొరలకు 50 పడుతుంది. బీడీఎక్స్‌ఎల్ రకంలో 100, 128 జీబీ డిస్కులు కూడా ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు చాలామంది 4.7 జీబీ డిస్కు వేసి, కంప్యూటర్ 4.37 మాత్రమే చూపిస్తోందని కంగారు పడతారు. మోసమేమీ లేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. 25 జీబీ బ్లూరే కూడా అలాగే 23.3 దగ్గర ఆగుతుంది. ఫోల్డర్ సర్దుకునేటప్పుడు ఈ రెండో అంకెనే లెక్కలోకి తీసుకోండి.

డిస్కు లోపల జరిగేది తెలిస్తే ఎంపికా సులువవుతుంది, దాచడమూ అర్థమవుతుంది. సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లలో పల్చటి రంగు పొర ఉంటుంది. లేజర్ ఆ పొరను వేడిచేసి గుర్తులు పెడుతుంది. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650, బ్లూరేకి 405. కిరణం ఎంత సన్నగా ఉంటే గుర్తులు అంత దగ్గరగా పడతాయి, కాబట్టి అంత ఎక్కువ సమాచారం పడుతుంది. వెలుతురుతో రాసిన రంగు వెలుతురుకే చెడుతుంది. ఎండలో పెట్టిన డిస్కు చదవకుండా పోవడానికి కారణం ఇదే. ఒకసారి రాసే బ్లూరే డిస్కును బీడీ-ఆర్ అంటారు. మామూలు బీడీ-ఆర్‌లో సేంద్రియ రంగుకు బదులు లోహ సంబంధమైన పొర ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి దాచడానికి అది మెరుగు. డబ్బా మీద ‘ఎల్‌టీహెచ్’ అని ఉంటే మాత్రం అందులోనూ సేంద్రియ రంగే ఉన్నట్టు. దాచుకునే ఫైళ్లకు దాన్ని వదిలేయండి. రాతి వంటి పొరతో తయారయ్యే ఎం-డిస్క్ ధర ఎక్కువ. వెయ్యేళ్లు ఉంటుందని తయారీదారు అంటాడు. ఆ మాట నిరూపించడానికి మనం ఉండం గానీ, స్థలం కాగితాలు, కుటుంబ ఫొటోల వంటి వాటికి నేను దాన్నే వాడతాను. డీవీడీ రకం ఎం-డిస్క్ రాయాలంటే రైటర్ (డిస్కు రాసే పరికరం) మీద ఆ గుర్తు ఉండాలి.

ఆర్‌డబ్ల్యూ డిస్కులు చెరిపి మళ్లీ రాసుకునే రకం. అభ్యాసానికి, ప్రూఫు చూసుకోవడానికి మంచివి. భద్రపరచడానికి వద్దు. చెరగకపోవడం కోసమే మనం డిస్కు దగ్గరికి వచ్చాం.

నా సలహా ఇది. ఇతరులకు పంచేది డీవీడీ-ఆర్ మీద రాయండి, పాత ప్లేయర్లు కూడా దాన్ని చదువుతాయి. దాచుకునేది బీడీ-ఆర్ మీద, మరీ ముఖ్యమైనది ఎం-డిస్క్ మీద రాయండి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ, కోఠిలోని గుజరాతీ గల్లీలోనూ అడిగి చూడండి. 50 డిస్కుల డబ్బా కొనేముందు సీలు చూడండి. కొన్నాక మొదట ఒక్క డిస్కు రాసి పరీక్షించండి. పేరున్న కంపెనీ రంగు కాగితం చుట్టి ఏదో నాసిరకం డిస్కు అమ్మే పద్ధతి ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉంది. ఇమ్గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డిస్కు పెట్టి చూస్తే దాన్ని నిజంగా తయారు చేసిన సంస్థ గుర్తు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ సరుకు తయారీ తగ్గుతోంది. నొయిడాలో కోట్లకొద్దీ డిస్కులు చేసిన మోసర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేసే దశకు వెళ్లింది. పానసోనిక్ 2023లోనూ, సోనీ 2025లోనూ రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేశాయి. వెర్బాటిమ్ వంటి కొన్ని మిగిలాయి. డిస్కుల మీద ఆధారపడేవారు ఒక్క రైటర్‌తో సరిపెట్టుకోకుండా, రెండోది కొని బీరువాలో పెట్టుకోవడం వివేకం. డిస్కు బాగుండి, చదివే పరికరం లేకపోతే అది అద్దం ముక్కతో సమానం.

రాయడానికి ముందు: ఫోల్డర్ సర్దడం

ఈ పనికి ఒక సాయంత్రం కేటాయించండి. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ పెట్టి, డిస్కుకు వెళ్లాల్సినవన్నీ అందులోకి కాపీ చేయండి. అసలు ఫైళ్లను కదపొద్దు.

పేర్లు పొట్టిగా, సంవత్సరంతో మొదలయ్యేలా ఉండాలి: 2024-25 లెక్కలు, 2024-25 జీఎస్టీ, ఇలా. తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు. అయితే డిస్కుల మీద ఎక్కువగా వాడే జోలియెట్ పద్ధతిలో పేరు 64 అక్షరాలకు మించకూడదు. ఆ లెక్క మన లెక్క కాదు. ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. పొడవైన తెలుగు పేరు మధ్యలో తెగిపోయి అర్థం లేకుండా మిగలడం నేను చూశాను. రాసే సాఫ్ట్‌వేర్‌లో యూడీఎఫ్ పద్ధతి ఎంచుకుంటే పేర్ల ఇబ్బంది తగ్గుతుంది, 4 జీబీ దాటిన వీడియో ఫైలు కూడా ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. టీవీ ప్లేయర్‌లోనో కారులోనో వేసే డిస్కుకు మాత్రం ఇంగ్లిషు అక్షరాల పేర్లే పెట్టండి. ఆ తెరల మీద తెలుగు ఎక్కువగా చుక్కలుగానే కనిపిస్తుంది.

లెక్కల సాఫ్ట్‌వేర్ బ్యాకప్ ఒక్కటే పెడితే చాలదు. పదేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును తెరుస్తుందన్న హామీ లేదు. బ్యాలెన్స్ షీటు, లెడ్జర్లు, డే బుక్ పీడీఎఫ్‌గా తీసి పక్కనే పెట్టండి. అన్నిటికంటే పైన ‘మొదట చదవండి’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉండాలి. ఈ డిస్కులో ఏముంది, ఎవరు రాశారు, ఏ తేదీన రాశారు, రెండో ప్రతి ఎక్కడ ఉంది అని పది వాక్యాల్లో రాయండి. ఆ డిస్కు తీసి చూసే మనిషి రేపు మీ అమ్మాయి కావచ్చు, మీ ఆడిటర్ గారు కావచ్చు. వారికి మీరు పక్కన లేకపోయినా అర్థం కావాలి.

కస్టమర్ల ఆధార్, పాన్ కాపీలు, ఉద్యోగుల జీతాల వివరాలు ఉంటే 7-జిప్‌తో పాస్‌వర్డ్ పెట్టి, ఏఈఎస్-256 అనే తాళం పద్ధతి ఎంచుకుని ఒకే ఫైలుగా మార్చండి. ఫైళ్ల పేర్లు కూడా కనిపించకుండా చేసే గడి అక్కడే ఉంటుంది, దానికీ టిక్ పెట్టండి. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి డిస్కుకు దూరంగా, ఇంటి పెద్దకు తెలిసిన చోట పెట్టండి. చెరగని డిస్కుకు మరిచిపోయిన పాస్‌వర్డ్ అంటే తాళంచెవి పోయిన ఇనుప్పెట్టె.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు. 7-జిప్ ఉన్న కంప్యూటర్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఎంపిక వస్తుంది. అది ఆ ఫైలుకు వేలిముద్ర వంటి 64 అక్షరాల వరుస ఇస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. ముఖ్యమైన ఫైళ్ల వేలిముద్రలను ఒక టెక్స్ట్ ఫైలులో దాచి డిస్కులో పెట్టండి, ఒక కాగితం మీదా ముద్రించుకోండి. ఐదేళ్ల తర్వాత డిస్కు బాగుందా లేదా అన్న ప్రశ్నకు ఇదే సమాధానం. కోర్టు వ్యవహారాల్లోనూ దీనికి విలువ ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలో ఈ వేలిముద్రను, అంటే హాష్ విలువను రాయడానికి ప్రత్యేకంగా చోటు ఉంది. సీసీ కెమెరా దృశ్యాన్ని డిస్కులో పెట్టి ఇవ్వాల్సిన దుకాణదారు దీన్ని గుర్తుంచుకోవాలి.

డిస్కును అంచు దాకా నింపవద్దు. రాత లోపలి వలయం నుంచి బయటి అంచుకు సాగుతుంది. వేలిముద్రలు, గీతలు, తయారీ లోపాలు ఎక్కువగా అంచుల దగ్గరే ఉంటాయి. 4.37లో 4 దాకా నింపి ఆగితే మంచిది.

రాయడం

1. స్లిమ్ ఎక్స్‌టర్నల్ రైటర్ అయితే నేరుగా కంప్యూటర్ వెనక ఉన్న యూఎస్‌బీ రంధ్రానికి తగిలించండి. హబ్ ద్వారా వద్దు. రాసే సమయంలో విద్యుత్తు చాలక డిస్కులు పాడవడానికి అదే పెద్ద కారణం.

2. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఎండాకాలం మధ్యాహ్నం రాయడానికి కూర్చోవద్దు. రాత మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కు చెత్తే. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి, నిద్రలోకి వెళ్లే సెట్టింగ్ ఆపేయండి.

3. విండోస్‌లో ఖాళీ డిస్కు పెట్టగానే రెండు దారులు చూపిస్తుంది. ఒకటి పెన్‌డ్రైవ్‌లాగా వాడుకునేది, రెండోది సీడీ, డీవీడీ ప్లేయర్‌లో నడిచేది. ఎప్పుడూ రెండోదే ఎంచుకోండి. మొదటి దారిలో రాసిన డిస్కులు వేరే పరికరాల్లో మొరాయిస్తాయి. నేను విండోస్ పద్ధతికి బదులు ఇమ్గ్‌బర్న్ వాడతాను. లినక్స్‌లో కే3బీ మంచిది.

4. వేగం మధ్యస్థంగా ఉంచండి. డిస్కు మీద 16ఎక్స్ అని ఉంటే 8ఎక్స్. నిండు డీవీడీకి ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదన్న నమ్మకం పాత డిస్కుల కాలంది. ఇప్పటి డిస్కుల పొర మధ్య వేగాలకు తగ్గట్టు తయారవుతుంది. 25 జీబీ బ్లూరేకి 4ఎక్స్‌లో ఇరవై మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది.

5. రాశాక సరిచూసే ‘వెరిఫై’ గడికి టిక్ పెట్టండి. సమయం రెట్టింపవుతుంది. అయినా పెట్టండి.

6. డిస్కును మూసేయండి, అంటే ఫైనలైజ్ చేయండి. మిగిలిన చోటులో తర్వాత ఇంకేదైనా రాద్దామని తెరిచి ఉంచిన డిస్కులు పాత ప్లేయర్లలో అసలు కనిపించవు.

పని అయ్యాక ఆ డిస్కును రాసిన రైటర్‌లో కాకుండా ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చదవండి. రాసిన రైటర్ తన రాతను తాను చదవగలుగుతుంది. దాని లేజర్ కొంచెం పక్కకు ఉన్నా తన తప్పు తనకు కనిపించదు. రెండు మూడు పెద్ద ఫైళ్లు తెరవండి, వీడియోను చివరి నిమిషం దాకా లాగి చూడండి, ఒకటి రెండు వేలిముద్రలు పోల్చండి. ఇది అయ్యేదాకా కంప్యూటర్‌లో అసలు ఫైళ్లు చెరపకండి.

పేరు రాయడం, దాచడం

బాల్ పెన్నుతో డిస్కు మీద రాయకండి. సీడీలో సమాచారం ఉండేది కింది మెరుపు పక్కన అనుకుంటారు. నిజానికి అది పేరు రాసే పై పక్కకు ఆనుకునే ఉంటుంది, మధ్యలో పల్చటి లక్క పూత తప్ప అడ్డం లేదు. పై పక్క పడిన గీత లోతుగా ఉంటే ఆ సీడీ పని అయిపోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య భద్రంగా ఉంటుంది. బ్లూరేలో కింది ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు. నీటి ఆధారిత సిరా ఉన్న మెత్తని మార్కర్‌తో, నడిమధ్య పారదర్శక వలయం మీద చిన్నగా రాయండి. కాగితం స్టిక్కర్లు అతికించొద్దు. బరువు ఒక పక్కకు లాగి డిస్కు ఊగుతుంది, వేడికి జిగురు ఊడుతుంది.

డిస్కులకు 4 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 20 నుంచి 50 శాతం తేమ మంచివని భద్రపరచే నిపుణులు చెబుతారు. మే నెల హైదరాబాద్‌లో అది ఏసీ గదికే సాధ్యం. మనకు చేతనైనంతలో పడమటి గోడకు ఆనని, రేకుల కప్పు కింద లేని గదిలో బీరువా కింది అరల్లో పెట్టవచ్చు. డిస్కులను పుస్తకాల్లాగా నిలబెట్టి, గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో ఉంచండి. వానాకాలానికి సిలికా జెల్ పొట్లాలు వేయండి. కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఒక్క మధ్యాహ్నం కూడా ఉంచవద్దు.

2020 అక్టోబర్ వరదల్లో నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. నాకు తెలిసిన ఒక ఫొటో స్టూడియో కూడా వాటిలో ఉంది. కంప్యూటర్లు, హార్డ్‌డిస్క్‌లు పోయాయి. బురదలో తేలిన డీవీడీలను మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, మెత్తని గుడ్డతో లోపలి నుంచి అంచుకు తుడిచి చూస్తే చాలావరకు చదివాయి. గుండ్రంగా తుడవకూడదు. రాత వలయాల్లో ఉంటుంది కాబట్టి గుండ్రటి గీత ఒకే ఫైలును వరుసగా కోసుకుపోతుంది. నిలువు గీత ఒక్కో వలయంలో కాస్తంత చోటే తీసుకుంటుంది, ఆ కాస్తను పరికరం సరిదిద్దుకోగలదు. ఆ స్టూడియో వారు ఇప్పుడు రెండో ప్రతిని వరంగల్‌లో అక్కగారి ఇంట్లో పెడుతున్నారు.

ప్రచారానికి డిస్కు: ముందు ఎవరికో తేల్చుకోండి

ఇక్కడ నేను సూటిగా చెప్పాలి. ఇప్పుడు అమ్ముతున్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు వేసే చోటే లేదు. దారిన పోయే ప్రతివారి చేతిలో డిస్కు పెట్టడం డబ్బు వృథా. నుమాయిష్‌లో స్టాల్ పెట్టుకున్నవారు నాంపల్లి మైదానానికి వచ్చే జనమందరికీ పంచడానికి వెయ్యి డిస్కులు కావాలని అడిగితే, వద్దనీ, మంచి కాగితం మీద క్యూఆర్ కోడ్ ముద్రించమనీ చెప్పి పంపుతాను.

అయినా డిస్కు పనిచేసే చోట్లు ఉన్నాయి. కూచిపూడి గురువు గారు వార్షికోత్సవం డీవీడీని తల్లిదండ్రులకు ఇస్తే దాన్ని ఎవరూ పారేయరు. తాతయ్య, అమ్మమ్మ టీవీ కింద ఉన్న పాత ప్లేయర్‌లో వేసి పది మందికి చూపిస్తారు. ఆ చివర రెండు నిమిషాలు కొత్త బ్యాచ్ వివరాలు వస్తే అంతకు మించిన ప్రకటన ఉండదు. సంగీతం టీచరు పాఠాల ఆడియో సీడీని పాత కార్లలో వింటారు. పెళ్లి ఫొటోగ్రాఫర్, ఇళ్లు కట్టే చిన్న కాంట్రాక్టరు, ఇంటీరియర్ డిజైనర్ తమ పనిని ఒక అందమైన పెట్టెలో పెట్టి ఇరవై మంది ముఖ్యమైన కస్టమర్లకు ఇస్తే అది విజిటింగ్ కార్డు కంటే ఎక్కువ కాలం బల్ల మీద ఉంటుంది. ఇచ్చేముందు ఒక్క మాట అడగండి: "అమ్మా, మీ ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఉందా, లేకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమంటారా?"

లోపల ఏం పెట్టాలి

టీవీ ప్లేయర్‌కు ఇచ్చేదైతే డీవీడీ-వీడియో పద్ధతిలో చేయాలి. ఎంపీ4 ఫైలును ఊరికే కాపీ చేసిన డిస్కు చాలా ప్లేయర్లలో నడవదు. మనది పాల్ పద్ధతి: 720, 576 చుక్కల చిత్రం, సెకనుకు 25 ఫ్రేములు. డిస్కు ఏ దేశాల్లో నడవాలో పరిమితం చేసే రీజియన్ ఏదీ పెట్టకండి, విదేశంలో ఉన్న అబ్బాయి కూడా చూడాలి. ఒక గంట వీడియో అయితే నాణ్యత బాగుంటుంది. రెండు గంటలు దాటితే చిత్రం చతురస్రాలుగా విరుగుతుంది, కాబట్టి రెండు డిస్కులు చేయండి. ఆడియో సీడీలో 80 నిమిషాల దాకా పడుతుంది.

కంప్యూటర్‌కు ఇచ్చే క్యాటలాగ్ అయితే పీడీఎఫ్, జేపీజీ, ఎంపీ4 మాత్రమే పెట్టండి. పెట్టగానే దానంతట అది నడిచే ప్రోగ్రాములు వద్దు. కస్టమర్ యాంటీవైరస్ అరిస్తే మీ పేరు మీద అనుమానం మిగులుతుంది.

ధరలు డిస్కులో రాయకండి. ధర మారుతుంది, డిస్కు మారదు. ధరల పట్టికను కాగితం మీద విడిగా కవరులో పెట్టండి, లేదా కవరు మీది క్యూఆర్ కోడ్ ధరల పేజీకి వెళ్లేలా చేయండి. ఆ పేజీ చిరునామా ఈ డిస్కులకు మాత్రమే ప్రత్యేకంగా ఉంటే, ఎంతమంది డిస్కు చూసి వచ్చారో మీకు లెక్క తెలుస్తుంది.

సినిమా పాట నేపథ్యంగా పెట్టే అలవాటు మన వీడియో పనిలో బలంగా ఉంది. ఇంట్లో చూసుకునే పెళ్లి వీడియో సంగతి అలా ఉంచి, వ్యాపార ప్రకటనలో అనుమతి లేకుండా వాడితే అది కాపీరైట్ చట్టం కింద నేరం. పంచేసిన డిస్కు మీ చేతిలో ఉండదు, సాక్ష్యంగా ఊరంతా తిరుగుతుంది. తెలిసిన నాదస్వర విద్వాంసుడితో రెండు నిమిషాలు వాయించుకుని, తగిన పారితోషికం ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పిల్లల నృత్యం ఉంటే తల్లిదండ్రుల సంతకం కూడా ఉండాలి.

ముద్రణ, ప్రూఫు, ప్రతులు

పై పక్క తెల్లగా ఉండే ప్రింటబుల్ డిస్కులు కొంటే, డిస్కు ట్రే ఉన్న ఎప్సన్ ఎల్805 వంటి ఇంక్‌జెట్ ప్రింటర్‌తో నేరుగా ముద్రించుకోవచ్చు. డిస్కు వ్యాసం 120 మిల్లీమీటర్లు, నడి రంధ్రం 15. అక్షరాలను బయటి అంచుకూ, లోపలి వలయానికీ కనీసం మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. మామూలు మ్యాట్ డిస్కు మీద తడి వేలు పెడితే రంగు అంటుతుంది, కాబట్టి ముద్రించాక ఒక రాత్రి ఆరనివ్వండి. కవర్లు, లోపలి కాగితాలు ముద్రించడానికి పెళ్లికార్డులకు పేరున్న ఛత్తా బజార్ ప్రెస్సుల దగ్గరికి వెళ్లవచ్చు. తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్‌లో విరిగిపోకుండా డిజైన్‌లోని అక్షరాలను గీతలుగా మార్చి ఇవ్వండి.

ప్రూఫు దగ్గర నేను మొండిగా ఉంటాను. ఒకసారి ఒక నృత్య పాఠశాల కోసం 150 డిస్కులు ముద్రించాం. ఫోన్ నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. ముగ్గురం చదివాం, ముగ్గురికీ కనిపించలేదు. తెలిసిన నంబరు కాబట్టి కన్ను సరిగానే చదువుకుంది. గత్యంతరం లేక పైన స్టిక్కర్లు అతికించాం. ఎండలకు అవి ఊడి రెండు ఇళ్లలో ప్లేయర్లు ఇరుక్కుపోయాయి. ఆ గురువు గారికి మళ్లీ కొత్త డిస్కులు చేసిచ్చాం, పాడైన ప్లేయర్లకు డబ్బు కట్టాం. అప్పటినుంచి ఒకటే నియమం. ముద్రించిన ప్రూఫు చేతిలో పెట్టుకుని, అందులోని నంబరును ఒక్కో అంకే చూస్తూ డయల్ చేయాలి. ఆ ఫోను మోగాలి. క్యూఆర్ కోడ్‌ను రెండు వేర్వేరు ఫోన్లతో తెరవాలి. చిరునామాను ఆ వీధి తెలియని మనిషితో చదివించాలి. ఆ తర్వాతే యజమాని ప్రూఫు డిస్కు మీద సంతకం చేయాలి.

ప్రతుల లెక్క ముందే వేసుకోండి. సగం నిండిన ఒక డిస్కు రాయడం, సరిచూడటం కలిపి పది నిమిషాలు అనుకుంటే, ఒక్క రైటర్‌తో రెండు వందల డిస్కులకు ముప్పై మూడు గంటలు పడుతుంది. ఏడు రైటర్లున్న డూప్లికేటర్ టవర్ ఉన్న చోట చేయిస్తే ఐదు గంటల్లో అయిపోతుంది. వెయ్యి దాటితే రాసిన డిస్కులు కాకుండా అచ్చు నుంచి ఒత్తిన డిస్కులు తీయించడం లాభం. వాటిలో రంగు పొర ఉండదు కాబట్టి మన్నిక కూడా ఎక్కువ. ఎక్కడ చేయించినా ప్రతి ఇరవైకి ఒకటి చొప్పున తీసి, మీ ఇంటి ప్లేయర్‌లో వేసి చూడండి.

ఏటా ఒకసారి

తాళపత్రాలు పాడవుతున్నాయనిపించినప్పుడు మన పెద్దలు కొత్త ఆకుల మీదికి ఎత్తిరాసేవారు. డిస్కులకూ ఆ పద్ధతే. మార్చి ముగింపు, ఉగాది దాదాపు ఒకే సమయంలో వస్తాయి కాబట్టి కొత్త డిస్కు రాసే రోజునే పాత వాటిని బయటికి తీయండి. ఒక్కోదాన్ని కంప్యూటర్‌లో పెట్టి, మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. మధ్యలో ఆగకుండా, మామూలు సమయంలో కాపీ అయి, వేలిముద్రలు సరిపోతే డిస్కు బాగున్నట్టు. పెట్టెలోని చీటీ మీద ఆ తేదీ వేయండి. డ్రైవ్ గురగురలాడుతూ ఒకే ఫైలు దగ్గర ఆగి ఆగి చదువుతుంటే, చదివినంతలో ఆ రోజే కొత్త డిస్కు మీదికి ఎత్తిరాయండి. ఏ ఇబ్బందీ కనిపించకపోయినా సాధారణ డీవీడీలను ఐదారేళ్లకోసారి ఎత్తిరాయడం నా అలవాటు.

గడువు తీరిన లెక్కల డిస్కులను చెత్తబుట్టలో అలాగే వేయకండి, అందులో మీ కస్టమర్ల వివరాలు ఇంకా చదవగలిగేలా ఉంటాయి. పాత తువ్వాలులో చుట్టి రెండుగా విరిచి, ముక్కలను కూడా విరిచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. విరిచేటప్పుడు సన్నని పెచ్చులు ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి.